పడమటి గాలి

"పన్నెండింటి దాక చూద్దాం. బిడ్డ వస్తే బిడ్డ తలకొరివి పెడ్తది. రాకపోతే కొడుకు పెడ్తడు. ఆ తర్వాత ఒక్క నిమిషం గూడ ఆగేది లేదు."

కట్టయ్య తేల్చి చెప్పాడు. చనిపోయిన ఉప్పలయ్యకు అతను స్వయానా అన్న. కాజీపేటలోని ఆ వాకిట్లో అతని మాటే చివరి మాట.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరైన ఉప్పలయ్య, పోయేముందు అందరి ఎదుటా కోరింది ఒక్కటే. తన చితికి రమ్యే నిప్పు పెట్టాలి. వేరే కులంవాణ్ని చేసుకుందని ఆరేళ్ల కింద తన నోటితోనే వెళ్లగొట్టిన కూతురు.

దోహాలో నర్సుగా ఉన్న రమ్య తెల్లవారుజామున విమానం ఎక్కింది. తొమ్మిదిన్నరకు శంషాబాద్‌లో దిగాలి. బయటపడి కారులో ఇల్లు చేరడానికి మరో మూడు గంటలు. ఎలా లెక్కేసినా పన్నెండు దాటుతుంది.

పక్కింటి మల్లికార్జున్ హసన్‌పర్తి కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. రమ్య ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. అరుగు మీద కూర్చుని, ఫోన్‌లో ఆమె విమానం ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాడు.

ఎనిమిది కావస్తుండగా ఆయన ముఖం తేటపడింది. ఉప్పలయ్య కొడుకు సుదర్శన్‌ను పక్కకు పిలిచాడు.

"జల్ది వస్తాంది. విమానం వేగం గంటకు ఎనిమిది వందల యాభై. పడమటి గాలి ఎనుక నుంచి ఇంకో నూట యాభై తోస్తాంది. వాగుల వాలుకు ఈదినట్టు. నేల మీద లెక్కగడితే వెయ్యి. నలభై నిమిషాలు ముందే దిగుతది."

సుదర్శన్ ఇంకా దగ్గరికి జరిగాడు. "అంటే పన్నెండు లోపే వస్తదా సార్?"

"పది నిమిషాలు తక్కువ పన్నెండుకు ఇంట్ల ఉంటది."

"నడిమిట్ల గాలి మారితే?"

"చలికాలం గదా, మీద గాలి ఇట్లనే ఉంటది. ఫికర్ జెయ్యకు."

"ఎదురుగాలి కొడితే ఎంత లేటయితది?"

"కొడితే గంట దాక అయితది. కానీ కొడ్తలేదు."

సుదర్శన్ కాసేపు ఆకాశం వైపు చూశాడు. "పెద్దబాపుకు నేను జెప్త సార్," అని కట్టయ్య కోసం లోపలికి పోయాడు.

అన్నాచెల్లెళ్లకు ఆరేళ్లుగా మాటల్లేవు. అలాంటిది చెల్లెలి కోసం ఇంత ఆరాటపడుతుంటే మల్లికార్జున్‌కు మనసు చెమ్మగిల్లింది. రక్తం ఎక్కడికి పోతుంది అనుకున్నాడు.

తొమ్మిదికి పది నిమిషాల ముందే విమానం దిగింది. కాసేపటికి రమ్య ఫోన్ చేసింది.

"సార్, కారెక్కిన. బాపును ఉంచుతరు గద?"

"ఉంచుతరమ్మా. మీ అన్న నీ ముచ్చటే అడుగుతాండు పొద్దటి నుంచి."

అటువైపు రమ్య ఏడ్చేసింది.

పదింటికి సుదర్శన్ వచ్చి మల్లికార్జున్ చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మడికొండ కాడ రోడ్డు పని నడుస్తాంది. డ్రైవర్‌కు దారి దొరకకపోతే ఆలస్యమైతది. మీరు జర బండేసుకొని వొయ్యి ఆడ నిలవడున్రి. దగ్గరుండి తీసుకరాండ్రి."

అడగాల్సిన పని కూడా లేదు. మల్లికార్జున్ వెంటనే బయల్దేరాడు. మడికొండ మలుపు దగ్గర ఎండలో గంటన్నర నిలబడ్డాడు. కారు కనపడగానే చెయ్యి ఊపాడు. ముందు తన బండి, వెనక రమ్య కారు. తనకు తెలిసిన సందుల్లోంచి ఇంటిదాకా తీసుకొచ్చాడు.

గడియారం చూసుకున్నాడు. పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

రమ్య కారు ఆగకముందే తలుపు తీసుకుని దిగింది. చెప్పులు అక్కడే విడిచి వాకిట్లోకి పరుగెత్తి, నిలబడిపోయింది.

వాకిలి తడిగా ఉంది. ఎదురింటి ముసలామె భద్రమ్మ నీళ్లు చల్లి ఊడుస్తోంది. వెనకే వచ్చిన మల్లికార్జున్‌ను చూసి చీపురు ఆపింది.

"సుదర్శన్ కొరివి పెట్టి గంటయితాంది సారూ, ఎదురుగాలికి విమానం లేటయి పిల్ల ఒకటిన్నర దాక రాదని నువ్వే లెక్కగట్టి జెప్పినవట గదా."