పత్తి అంటని చీర

"ఎక్కకు," అంది ఇంద్రమ్మ.

ఇబ్రహీంపట్నం బస్టాండు ముందు ఆగిన ప్లాస్టిక్ మూతల కంపెనీ వ్యానులో సాయిశ్రీ అప్పుడే ఒక కాలు పెట్టింది. రెండో కాలు ఎత్తకముందే నానమ్మ ఆమె బ్యాగు పట్టి వెనక్కి లాగింది. లోపల కూర్చున్న ఆడపిల్లలు నవ్వారు.

"ఇజ్జత్ తీయకు నానమ్మా! మన ఊరు మంచాల నుంచి బస్సుల వచ్చేటప్పుడు గూడ గిదే లొల్లి. ఇంటర్ అయి ఖాళీగ కూసున్న. దొరికిన నౌకరి పోగొడ్తవా?"

"నౌకరి వద్దంటలేను. గీ కంపెనీ వద్దంటున్న."

"కంపెనీ సంగతి నీకేం ఎరుక? పొద్దున లేస్తే పత్తి ఏర వోతవ్, పొద్దూకి వస్తవ్."

వ్యాను తోలే రత్నాకర్ దిగి వచ్చాడు. పిల్లల్ని పనిలో పెట్టేదీ అతనే.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. పదిహేడేండ్ల పిల్లలు మస్తుమంది ఉన్నరు. చెల్లె, ఎవలన్న అడిగితే పద్దెనిమిది నిండినయని చెప్పు. నీ మార్కుల మెమో ఇయ్యి, ఒరిజినల్ మా కాడనే ఉంటది."

సాయిశ్రీ మెమో తీయబోయింది. ఇంద్రమ్మ ఆ చేతి మీద తన చేయి వేసి రత్నాకర్ వైపు తిరిగింది.

"కొడుకా, మూతలు అచ్చుగొట్టే మిషన్‌కు అడ్డం ఉండాల్సిన ఇనుప జాలి ఏది?"

"ఏ మిషను?"

"మూడోది. జాలి ఉంటే పని నిదానమైతదని ఊడదీసి డ్రమ్ముల ఎన్క వెట్టిన్రు. ఆడ కూసున్న పిల్లకు రెండు వేళ్లు నలిగినయి. దవాఖానకు తోల్కపోయి, తలుపుల వడ్డయని రాయించిన్రు."

వ్యానులో నవ్వులు ఆగిపోయాయి. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల, కట్టు కట్టిన చేతిని చున్నీ కిందికి లాక్కుని ఇంద్రమ్మ ముఖంలోకే చూడసాగింది.

"ఎన్క తలుపుకు బయట తాళం. మంట లేస్తే పిల్లలు యాడికెళ్లి ఉరకాలె? తాళంచెవి నీ జేబులనే ఉంటది."

రత్నాకర్ చేయి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. "ఎవలు జెప్పిన్రు నీకు?"

"గుట్కా నమిలి గేటు పక్క గోడకే ఉమ్మేస్తవ్. అది గూడ ఒకలు జెప్పాల్నా?"

అతను ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. ఎక్కడో చూసినట్టే ఉంది, గుర్తు రావడం లేదు. వ్యాను ఎక్కాడు. కదలబోతుంటే కట్టున్న పిల్ల దిగేసి, వచ్చి ఇంద్రమ్మ పక్కన నిలబడింది.

"పా నవతా," అంది ఇంద్రమ్మ. "లేబర్ ఆఫీసుల నీ చెయ్యి జూపెడ్దాం."

సాయిశ్రీ బ్యాగు జిప్పు మూసింది. నానమ్మను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. పత్తి ఏరిన ఆడవాళ్ల చీరలకు దూది పోగులు అంటుకుంటాయి. ఎండిన కాయల మొనలు గీరి వేళ్ల చివరలు చీరుకుపోతాయి. నెల రోజులుగా నానమ్మ చీర మీద ఒక్క పోగు లేదు. వేళ్ల మీద ఒక్క గీత లేదు. అరచేతులు మాత్రం కాయలు కాచాయి. పక్కనే కూర్చుని తింటూ కూడా తను ఇది చూడలేదు.

"నెల నుంచి యాడికి పోతున్నవ్ నానమ్మా?"

ఇంద్రమ్మ సద్ది సంచిలోంచి మూడు కార్డులు తీసి మనవరాలి చేతిలో పెట్టింది. మూడు కంపెనీల గేటు కార్డులు. మూడింటి మీదా నానమ్మ ఫోటోనే. కింద 'స్వీపర్' అని ఉంది.

"పది పది దినాలు ఊడ్చి చూసిన. నడిమి కంపెనీ మంచిగున్నది, సోమారం ఆడ చేరుదువు బిడ్డా."