బుధవారం ఆగే లైను

"బుధవారమైతే రెండు నిమిషాలు ఆగు."

బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాంలో ఈ లైను ఎందుకుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. రేపు అంతా కొత్త కంప్యూటర్లోకి మార్చాలి. తేడా వస్తే ఎవరి రక్తం ఎవరికెక్కుతుందో! అందుకే శిష్యురాలు లాప్‌టాప్ పట్టుకుని, అది రాసిన గురువుగారి మంచం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"సార్, ఇది తీసేస్తే ఏమైనా అవుతుందా?"

"కాదు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "అయితే తీసేయనా?"

"కాదు."

"ఉంచేయనా?"

"కాదు."

"పక్షవాతం వచ్చాక ఆయనకి మిగిలింది ఆ ఒక్క మాటేనమ్మా," అంది గురువుగారి భార్య. "మంచినీళ్ళు కావాలన్నా అదే, వద్దన్నా అదే. తల ఊపడమూ అంతే. రాయబోయినా అక్షరం రాదు."

శిష్యురాలికి ఒళ్ళు మండింది. ఏది ఎందుకు రాశారో పక్కన ఒక ముక్క రాసిపెట్టమని తొమ్మిదేళ్ళు కాళ్ళావేళ్ళా పడింది. "నేనుండగా అదెందుకమ్మా?" అని నవ్వేసేవారు.

ఏం చెయ్యాలో పాలుపోక, ఆ లైను పక్కన తనే టైపు చేసింది: "ఎందుకో తెలియదు. తీయొద్దు."

ఆయన అది చదివారు. ఎడమ చేత్తో లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, పేజీ కిందికి జరిపి, ఇంకో లైను మీద వేలు పెట్టారు.

"కాదు," అన్నారు, బతిమాలుతున్నట్టు.

ఆమె దాని పక్కనా అదే రాసింది. వేలు మళ్ళీ జరిగింది, మళ్ళీ ఆగింది. మళ్ళీ రాసింది.

"ఇంకా ఎన్నున్నాయి సార్?"

ఆయన కళ్ళు నిండాయి. వేలు మాత్రం కిందికి జరుగుతూనే ఉంది.