ఇస్త్రీ బల్ల మీద పిట్టలు

ముస్తాక్ పేరు వింటే చాలు, దావూద్‌కు కుట్టు తప్పుతుంది.

ముస్తాక్ పరాయివాడు కాదు, పిన్నమ్మ కొడుకు. రాయచోటి నుంచి సౌదీలోని ఖతీఫ్‌కు రప్పించి తన టైలర్ షాపులో కూర్చోబెట్టినవాడు. మొన్న కూతురి పెళ్ళికి మగ చుట్టాలందరికీ ఒకే రంగు కుర్తాలు కుట్టించాడు, దావూద్ చేతే.

అందులో తన కొలత లేదని కత్తిరించేటప్పుడే తెలిసింది. అయినా చివర్లో ఏదైనా గుడ్డ చేతిలో పెడతాడేమోనని చూశాడు.

"అరే, నీ సంగతి తట్టనే లేదు భాయ్," అన్నాడు ముస్తాక్.

కరోనా ఏడాది కూడా అంతే. దావూద్ ఊపిరాడక ఆస్పత్రిలో పడితే ముస్తాక్ ఫోన్ ఎత్తలేదు. వార్డులోకి ఎవరినీ రానివ్వని రోజులవి. తల నుంచి కాళ్ళ దాకా ప్లాస్టిక్ తొడుక్కున్న నర్సు ఒకామె రాత్రిళ్ళు చెయ్యి పట్టుకుని సన్నగా ఏదో పాడేది. ముఖం కనపడలేదు. మాటలు అందలేదు.

ఆ వార్డులో తెలుగు నర్సు షాలిని ఉందని తర్వాత విన్నాడు. అప్పటినుంచి షాలిని బట్టలకు మజూరీ తీసుకోడు. ఆమె ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెడతాడు.

"ఏం చెప్పొద్దమ్మా. నాకు తెలుసు."

ఒకరోజు షాపులోకి ఒక పొడవాటి నల్లావిడ వచ్చింది. పేరు ఫోలాకే, నైజీరియా. షాలిని పనిచేసే ఆస్పత్రిలోనే నర్సు. భుజం మీద గుడ్డ తాను. పసుపు నేల మీద నీలం పిట్టలు, రెక్కలు చాచి ఎగురుతున్నవి.

తాను బల్ల మీద పరిచి, కొలతల చీటీ పెట్టింది. వదులు జాకెట్లు, నడుముకు చుట్టుకునే గుడ్డలు, తలకు కట్టుకునే గుడ్డలు. అన్నీ ఆడవాళ్ళవే.

దావూద్ సిగరెట్ వెలిగించాడు. ఆమె చెయ్యి చాచి, అతని వేళ్ళ మధ్య నుంచి దాన్ని తీసి, చెప్పు కింద నలిపింది.

"హరామ్ సదిక్," తప్పు నేస్తం అంది, తన గుండె మీద తట్టి చూపిస్తూ.

"నా సిగరెట్ నీకెందుకు తల్లీ," అన్నాడు దావూద్ తెలుగులో. ఆ కోపంతో తల గుడ్డల అంచులకు మజూరీ వేరే అడిగాడు. ఆమె బేరం ఆడలేదు.

గురువారం బట్టలు తీసుకోవడానికి వచ్చింది. కత్తిరించగా తానులో కొంత ముక్క మిగిలింది. దాన్ని మడిచి అతని ముందుకు తోసింది.

"ఇది నీకు," అంది వచ్చీరాని అరబ్బీలో. "రేపు జుమ్మా. సాయంత్రం అసర్ నమాజు తర్వాత సముద్రం పక్కన పార్కుకి రా."

దావూద్ తల ఊపాడు.

మిగిలిన గుడ్డ టైలర్‌కు వదిలెయ్యడం అందరూ చేసేదే. ఇక పార్కుకి రమ్మనడం ఎందుకో కూడా అతనికి తెలుసు. ఇక్కడ బిగుతు, అక్కడ వదులు అని నలుగురిలో నిలబెట్టి కుట్లు విప్పించడానికి.

ఇస్త్రీ బల్ల మీద దుప్పటి చిరిగిపోయి ఉంది. పిట్టల గుడ్డను మడత విప్పకుండానే దాని మీద పరిచి మేకులు కొట్టాడు.

శుక్రవారం షట్టర్ సగం దించుకుని, ఖుబ్జ్ రొట్టె పప్పులో ముంచుకుని తిన్నాడు. ముస్తాక్ ఇంట్లో కొత్త అల్లుడికి దావత్. బిర్యానీ వాసన సందు చివరి దాకా వచ్చింది. పిలుపు మాత్రం రాలేదు.

ఆదివారం షాలిని వచ్చింది, చేతిలో పిట్టల జాకెట్.

"అన్నయ్యా, భుజాలు జారిపోతున్నాయి. కాస్త లోపలికి పట్టండి."

"నీదా ఇది?"

"నాదే. మొన్న పార్కులో మీరు కూడా వస్తారని ఎంత చూశామో. తలకు ఈ గుడ్డ ఫోలాకేనే కట్టింది. గోపురంలా నిలబడింది. మా నరసాపురంలో చూస్తే దడుసుకుంటారు."

"ఏం పండగమ్మా?"

"ఊళ్ళో తన కూతురి పెళ్ళి. ఊరెళ్ళడానికి ఎగ్జిట్ కాగితం ఆస్పత్రివాళ్ళు పెళ్ళికి ముందు ఇవ్వలేదు. ఫోన్‌లోనే చూసింది. వాళ్ళ దాంట్లో పెళ్ళివారంతా ఒకటే గుడ్డ కట్టుకుంటారట. ఇక్కడ తనకంటూ ఎవరున్నారో వాళ్ళకే పంచింది. మగాళ్ళలో ఒక్కరికే ఇచ్చానంది. తమ్ముడట. మీరు చొక్కా కుట్టుకుని వస్తారని గేటు వైపే చూసింది పాపం."

దావూద్ మిషన్ ఆపాడు.

"నేను తమ్ముడేందమ్మా ఆమెకు?"

"అతను పార్కుకి వచ్చాక నేనే చెప్తాను, నువ్వు ముందే చెప్పకు అంది."

షాలిని జాకెట్ తిరగేసి కుట్టు చూపిస్తూ, పార్కులో విన్న పెళ్ళి పాట సన్నగా తీసింది.

దావూద్ కత్తెర పక్కన పెట్టాడు.

"ఆ పాటేనమ్మా. ఆసుపత్రిలో నా పక్కన కూర్చోని నువ్వు పాడిన పాట."

"నేనా? నాది పగటి డ్యూటీ అన్నయ్యా. ఎన్నిసార్లు చెప్పబోయినా మీరు విన్నారా? రాత్రి డ్యూటీ ఫోలాకేది."

"ఇప్పుడు యాడుంది?"

"పెళ్ళయ్యాక కాగితం ఇచ్చారు. నిన్న రాత్రి ఫ్లైట్‌కి వెళ్ళిపోయింది."

షాలిని వెళ్ళాక దావూద్ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి మేకులు ఒక్కొక్కటే పీకాడు. ఇస్త్రీ పెట్టె తగిలి పిట్టలు అక్కడక్కడ కాలిపోయాయి.

మడత విప్పి, అలవాటుగా మెడలోంచి టేపు తీసి కొలిచాడు.

అతని ఒంటికి నిండు చేతుల చొక్కా వచ్చే గుడ్డ, రెండుంబావు మీటర్లు.