బొప్పాయికి వ్యాకరణం

పళ్ళెంలో ఆరు ముక్కలున్నాయి. చుట్టూ నలుగురున్నారు. ఒక్కరూ తినలేదు, పండితుడుగారు తిననివ్వలేదు.

పండు తెచ్చినవాడు ఆయన బావమరిది. తెగులు సోకి అతని బొప్పాయి తోట సగం మాడిపోయింది. ఆ తెగులును తట్టుకునేలా జన్యువు మార్చిన మొక్కలు నర్సరీలో సిద్ధంగా ఉన్నాయి. రేపు నాటడమే తరువాయి. ఈలోగా ఆ రకం పండొకటి అక్కగారింట రుచి చూపిద్దామని వచ్చాడు.

“ఇందులో ఏం మార్చారయ్యా?” అన్నారు పండితుడుగారు, పళ్ళేన్ని తనవైపు జరుపుకొని.

“ఆ తెగులు తెచ్చే వైరస్ ముక్కే ఒకటి తీసి మొక్కలో పెట్టారట బావగారూ. ఇక దాని ఆటలు సాగవట.”

“ఆ ముక్క ఉన్నదాన్ని గెంటేసి కూర్చుందా, పక్కన ఒద్దికగా చేరిందా? ఆదేశమా, ఆగమమా?”

“నా తోటకి సంధులు చెప్పకండి బాబూ! కాయ నిలబడుతుంది. నాకది చాలు.”

“ముప్పై ఏళ్ళు బడిపిల్లల్ని వేధించింది చాలదూ, ఇప్పుడు బొప్పాయినా!” అంది భార్య.

నాలుగేళ్ళ మనుమరాలు ఇదే అదనుగా ఒక ముక్క మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చేతిని మెల్లగా తొలగించారు.

“తింటే హాని లేదని ఎవరు చెప్పారు?”

బావమరిది జేబులోంచి కరపత్రం తీశాడు. “శాస్త్రజ్ఞులే చెప్పారు. వినండి. ‘ఈ ఫలము వలన హాని లేదు.’ ఎంత ముచ్చటగా ఉందో! ఈ ఒక్క మాట పట్టుకునే మిగిలిన చెట్లు కూడా పీకించేశాను.”

పండితుడుగారు పళ్ళేన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

“ఎన్నేళ్ళు చూశారట? ఎంతవరకు పరీక్షించారట?”

“అవేవీ ఇందులో రాయలేదు.”

“రాయనివాడు గాడిద!”

“అయ్యో, అంత చదువుకున్నాయన్ని పట్టుకొని...”

“చదువుకున్న గాడిద! వాడికి వ్యాకరణం వచ్చినంతగా వివేకం రాలేదు.”

“ముక్కూ మొహం తెలియని మనిషిని ఎందుకండీ తిట్టడం?” అంది భార్య.

“ఇటువంటివాళ్ళు నాకు తెలియకపోవడమేమిటి!” అంటూనే ఆయన ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. వెంటనే రెండోది. ఆపైన మూడోది. మధుమేహమున్న మనిషి ఇలా బరితెగించడం చూసి భార్య నిర్ఘాంతపోయింది.

“పిల్లకంటే ముందు నేను తిని చూడాలి కదా” అన్నారాయన. ప్రయోగశాలలు ఏళ్ళ తరబడి చేసే పనిని మూడు ముక్కలతో, డెబ్బై ఏళ్ళ పొట్టతో తేల్చివేయాలని ఆయన సంకల్పం.

“ఎలా ఉంది బావగారూ?”

“అమృతంలా ఉంది.”

“మరింకా భయం దేనికి?”

“పండంటే కాదయ్యా, ఆ వాక్యమంటే. రేపు నాటకు. ముందు అసలు నివేదిక తెప్పించుకొని చదువు.”

“మీరేదో చదివినట్టే మాట్లాడుతున్నారే!”

పండితుడుగారు నాలుగో ముక్క అందుకున్నారు.

కరపత్రంలో భాష దిద్దిపెట్టమని శాస్త్రజ్ఞులు పంపిన ‘ఇప్పటివరకు జరిపిన పరీక్షల మేరకు హాని కనబడలేదు’ అన్న వాక్యం నడక కుంటుతున్నదని, దాన్ని ‘ఈ ఫలము వలన హాని లేదు’ అని చెక్కి మురిసిపోయింది ఆయనే.