అరవై లీటర్లు

"ఇద్దర్ల ఎవలో ఒకలు దిగాలె. లేకుంటే నడి ఏట్ల మునుగుతరు," అంది ఒడ్డున చేపలు పట్టే ముసలి మొగులమ్మ, చేతిలోని వల దులుపుతూనే.

సింగూరు డ్యాము కింద మంజీర ఒడ్డు. దసరా సెలవుల్లో మొదటి రోజు, ఇంకా ఎండ ముదరలేదు. పొడుగాటి సన్నని ఫైబరు పడవ ఒకటి అంచులదాకా నీళ్ళలో దిగబడి ఉంది. అందులో ముందు జయశీల, వెనక ఆమె భర్త ఏలీయా, ఇద్దరి చేతుల్లో తెడ్లు. చూడ్డానికి బాగానే ఉంది గాని, ఇద్దరిలో ఎవరు తుమ్మినా నీళ్ళు లోపలికొచ్చేలా ఉన్నాయి.

ఏలీయా పటాన్‌చెరులో ఫైబరు ట్యాంకులు చేసే షెడ్డులో పనివాడు. ఏదో పత్రికలో కయాక్ బొమ్మ చూసి, ఏడాదిపాటు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఈ పడవ చేశాడు. పది రోజుల్లో, మంజీర పోయి కలిసే కందకుర్తి చేరి గోదావరిని ముట్టుకోవాలని ఆలుమగల పంతం.

ఏర్పాట్లన్నీ జయశీలవి. బడిపంతులమ్మ కదా, ప్రయాణానికి కూడా టైంటేబుల్ వేసింది. ఏ రాత్రి ఏ ఊళ్ళో ఆగాలో, ఏ సంఘపెద్ద ఇంట్లో పడుకోవాలో పాస్టరుగారి చేత ముందే ఉత్తరాలు రాయించింది. ఆనకట్టలు అడ్డమొచ్చిన చోట పడవను దాటించడానికి ఎడ్లబండ్లు మాట్లాడి పెట్టింది. ఎరువుల సంచుల్లో థర్మోకోల్ ముక్కలు కూరి తేలే కోట్లు కూడా తనే కుట్టింది. పడవ పగిలితే అతకడానికి రెజిన్ డబ్బా, బియ్యం, అటుకులు అన్నీ సర్దాక మిగిలిన చోట్లో మూడు పెద్ద తెల్ల క్యాన్లు ఎక్కించింది.

"ఆ డబ్బాల ఏమున్నయి బిడ్డా?" అని అడిగింది మొగులమ్మ.

"తాగే నీళ్ళవ్వా. మనిషికి రోజుకు మూడు లీటర్లు. ఇద్దరికి పది రోజులకు అరవై."

మొగులమ్మ వల కింద పడేసి పడీపడీ నవ్వింది. "ఏట్ల పోవుకుంట నీళ్ళు మోస్కపోతరా? ఎన్న చేతిల వెట్టుకొని నెయ్యికి ఏడ్సినట్టే ఉన్నది!"

జయశీలకు నవ్వు రాలేదు. "పారే నీళ్ళు ఎవరన్న తాగుతరా అవ్వా?"

ఆమె వేళాకోళం ఆడలేదు. నిజంగానే అడిగింది. వాళ్ళ ఊరి పక్క వాగు ఫ్యాక్టరీల మురుగుతో ఒకరోజు పచ్చగా, ఒకరోజు ఎర్రగా పారేది. బర్రెలు కూడా మూతి పెట్టేవి కావు. పారే నీళ్ళంటే ముక్కు మూసుకుని దాటాల్సినవి, తాగే నీళ్ళంటే ట్యాంకరులో వచ్చేవి. టైంటేబుల్ వేసేటప్పుడు ఆమెకు ఇంకో ఆలోచనే రాలేదు.

"మా వాగుల చెయ్యి వెడితే పొక్కులొస్తయవ్వా," అన్నాడు ఏలీయా. "పడవను సుత ఆడ దింపలే నేను. ఫైబరు గూడ తట్టుకోదేమో అని భయం."

"మరి ఇగ నేనే దిగుత," అంది జయశీల. "నీళ్ళు లేకుంట పది రోజులెట్ల? నీ పడవ, నువ్వు పో."

"నువ్వు లేకుంట నేనేడికి పోను. ఇంటికే పోదాం. పడవ తెచ్చిన ట్రాలీ ఆటోను వాపస్ పిలుస్త."

ఏడాది కష్టం ఒడ్డునే తెల్లారేలా ఉంది. మొగులమ్మ చీర ఎగ్గట్టి మోకాటి లోతుకు దిగి, దోసిలితో నీళ్ళు ముంచి గటగటా తాగింది. మళ్ళీ ముంచి జయశీల మూతి దగ్గర పెట్టింది.

"తాగు."

జయశీల ఆ దోసిలిలోకి చూసింది. నీళ్ళ అడుగున ముసలి అరచేతి గీతలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. చేదు మందు తాగినట్టు కళ్ళు మూసుకుని ఒక గుక్క మింగింది. కళ్ళు తెరిచింది. ఇంకో గుక్క తాగింది. ఆ తర్వాత దోసిలి చాలక, తనే పడవలోంచి మెల్లగా దిగి రెండు చేతులతో ముంచుకుంది.

"ఏలీయా! వాసనే లేదు! తియ్యగున్నయి!"

ఏలీయా నీళ్ళలోకి దూకి మొహం పెట్టేశాడు. అడుగున ఇసుక రేణువులు కనబడుతున్నాయి, వేలెడేసి చేపలు కాళ్ళ మధ్యనుంచి దూరి పోతున్నాయి. నలభై రెండేళ్ళ మనిషి, పసిపిల్లాడిలా కడుపు నిండినా తాగుతూనే ఉన్నాడు. లేచి కింది దిక్కు చూశాడు. కంటికి ఆనినంత దూరం నీళ్ళే. తాళం లేదు, లైను లేదు, ట్యాంకరు డ్రైవర్ని బతిమాలే పని లేదు.

"ప్రభువా! ఇదంతా తాగే నీళ్ళేనా?" అంది జయశీల. ఆమె చెంపల మీద ఉన్నది ఏటి నీరో కన్నీరో ఆమెకే తెలియదు.

మూడు క్యాన్లూ తనే ఒడ్డున కుమ్మరించింది. పడవ రెండు వేళ్ళ మేర పైకి తేలింది. ఇప్పుడు ఇద్దరు కూర్చున్నా అంచు దాటి ఒక్క చుక్క లోపలికి రాలేదు.

"ఈ క్యాన్లు నువ్వే ఉంచుకో అవ్వా, చాపల బేరానికి అక్కరకొస్తయి," అన్నాడు ఏలీయా, తెడ్డు అందుకుంటూ.

"మీదే ఊరు కొడుకా?"

"పటాన్‌చెరు దిక్కు."

మొగులమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఖాళీ క్యాన్లు మూడూ తెచ్చి, పడవ తోకకు వల తాడుతో గట్టిగా కట్టసాగింది.

"ఇగ ఇవెందుకవ్వా?" అంది జయశీల.

"మూడోనాడు ఇవి నిండినా పడవల ఎక్కియ్యకుండ్రి, గిట్లనే ఎనక నీళ్ళల్ల గుంజుకపోతె బరువు పడది. గా దినం పొద్దుగాల్నే ఇవన్ని నింపుకోండ్రి బిడ్డా," అంది మొగులమ్మ, ముడి బిగిస్తూ. "సంగారెడ్డి దాటినంక మీ వాగొచ్చి దీంట్లనే కలుస్తది."