జాలీ కరుగుతదని

"మేడమ్, ఈమెకు జర చెప్పుండ్రి. నెల నుంచి వేడన్నం లేదు, వేడినీళ్లు లేవు. గింత చలిల చన్నీళ్ల స్నానం!"

లాల్ మహమ్మద్ కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు. అతనికి హెర్నియా ఆపరేషన్ చేసిన డాక్టర్ నందిని, అతని భార్య సైదా వైపు చూసింది.

"మీరే చెప్పిన్రు గద మేడమ్! చిన్న చిన్న రంధ్రాలు పెట్టి లోపల జాలీ వేసినం, అది కరుగుతదని. కరిగితే పేగులు మల్ల బయటికొస్తయ్ గద? అందుకే వేడి తగలనిస్తలేను."

"ఎండల గూడ నిలవడనిస్తలేదు. నేనేమన్న ఐసుగడ్డనా?"

"నువ్వు ఊకో!"

నందిని నవ్వు ఆపుకుంది. "చాచీ, ఆ జాలీ, అదే లోపల వేసిన వల, వేడికి కరగదు. దానంతటదే నిదానంగా కరుగుతుంది, ఏడాదికి పైనే పడుతుంది. ఆలోపు చాచా సొంత కండ దాని మీద పెరిగి గట్టిపడుతుంది. కరగడం మంచికే."

"నిజంగనా?"

"నిజంగా. ఇప్పుడిప్పుడే బరువులు ఎత్తనియ్యకు, చాలు."

సైదా కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నందిని తన ఫ్లాస్కులోని చాయ్ ఇద్దరికీ పోసింది. లాల్ మహమ్మద్ కళ్లు మూసుకుని చప్పరించాడు. సైదా మాత్రం ఒక్క గుక్కలో సగం తాగి, నాలుక కాలి, "యా అల్లా!" అంది.

"మెల్లగ! నువ్వు గూడ ఎన్నడు చూడనట్టు తాగుతున్నవేంది?"

"ఈ నెలంత నీ ముంగట నేనొక్కదాన్నే వేడి చాయ్ ఎట్ల తాగుత?"

లాల్ మహమ్మద్ ఆమె చేతిలోని కప్పు తీసుకుని, ఊది చల్లార్చసాగాడు.