సప్పుడు రాని బూట్లు

"జిమ్ముల ఉరికే బూట్లు చూపెట్టు బిడ్డా. మంచియి."

వనిత తలెత్తి చూసింది. అరవై దాటిన మనిషి. తెల్ల నూలు చీర, చంకలో గుడ్డ సంచి. ఒళ్లు కొంచెం భారీ. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"ఎవరికి?" అని అడగబోయి వనిత నాలుక కరుచుకుంది. పోయిన నెల ఒక లావుపాటి సారును "మీకేనా సార్?" అని అడిగితే ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆరోజు నుంచి దుకాణం యజమాని జ్ఞానేశ్వర్ ఆ ప్రశ్నే మాన్పించాడు.

"కూసో అవ్వా. నీళ్లు తాగుతవా?"

"నీళ్లొద్దు. నాకు బూట్లు దొరకాలె. నిద్ర లేక నెల దాటింది. మొన్న మొయినాబాద్‌ల బస్సెక్కి జర కునుకు తీసిన. చేవెళ్లల దిగేదాన్ని పరిగిల దిగిన."

గల్లా దగ్గర జ్ఞానేశ్వర్ కిసుక్కున నవ్వాడు.

"నవ్వుతవు సేటు. బీపీ గోలీ ఒకటి ఉండె, రెండైనయి. గిట్లనే నిద్ర లేకుంటె దవాఖానల పండవెడ్త అన్నది డాక్టరమ్మ. ఈ అంతమ్మ అంటె చర్చిల అందరికన్న ముందుగాల లేచి పాట అందుకునేది. పోయిన ఆదివారం ప్రార్థనల గుర్రు కొట్టిన. అందరు కండ్లు తెరిచి నన్నే చూసిన్రు."

"జిమ్ము చేస్తే మంచి నిద్ర పడ్తదవ్వా," అంది వనిత.

"బూట్లు మంచియైతె పడ్తది," అంది అంతమ్మ.

వనిత నాలుగు డబ్బాలు దించింది. గులాబీ రంగు జత ముందు పెట్టింది.

"గీ రంగులొద్దు. మర్యాదగ కనవడాలె. తెల్ల బట్టల మీదికి మంచిగుండాలె."

వనిత ఆమె చీర చూసి తల ఊపింది. గులాబీ జత డబ్బాలోకి వెళ్లింది.

"బరువులు కూడ ఎత్తుడుంటదా అవ్వా? ఎత్తేటోళ్లకు అడుగు చదునుగ, గట్టిగ ఉండాలె. ఉరికేటోళ్లకు మడిమె కింద మెత్త ఉండాలె."

"బరువులు లేవు. ఆ మిషిను మీద ఉరుకుడే. నలభై నిమిషాలు."

"నలభయ్యా!"

"గడియారం చూసే చెప్తున్న."

జ్ఞానేశ్వర్ ఉండబట్టలేకపోయాడు. "అవ్వా, ఏమన్న పోటీలకు పోతున్నవా? పది నిమిషాలతోని షురూ చెయ్యరాదు?"

"పది నిమిషాలైతె నాకు గీ తిప్పలెందుకు సేటు?"

వనితకు ఆమె మీద గౌరవం కలిగింది. రోడ్డు మీద పరుగెత్తే బూట్లన్నీ పక్కకు జరిపింది. వాటి అడుగు గట్టి రబ్బరు, లోతైన గాట్లు. మిషను పట్టీ మీద అంత గట్టిదనం అక్కర్లేదు. తేలికైన జత ఒకటి తీసి, పైన జాలీ ఎట్లా ఉందో, లోపలికి గాలి ఎట్లా ఆడుతుందో చూపించింది.

అంతమ్మ జాలీ చూడలేదు. బూటు తిరగేసి, జామకాయ పండిందో లేదో చూసినట్టు మడమ దగ్గర బొటనవేలితో నొక్కింది. తర్వాత దాన్ని నేలకేసి కొట్టింది.

టప్.

"సప్పుడొస్తున్నది. వేరేది తియ్."

ఇంకో జత. టప్. ఇంకోటి. టప్.

"బూట్లన్నంక కొంచెం సప్పుడు ఉంటదవ్వా."

"ఉండొద్దు. బరువైన మనిషి ఉరికినా ఎవ్వరికి తెల్వొద్దు."

వనితకు అంతా అర్థమైంది. పాపం, ఈ వయసులో జిమ్ముకు. నలుగురూ తిరిగి చూస్తారని సిగ్గు. మొయినాబాద్ జిమ్ముల్లో అందరూ కుర్రవాళ్లే.

"ఎవ్వరు ఏమనుకోరవ్వా. నువ్వు ఫికర్ చెయ్యకు. జిమ్ము దూరమా?"

"దూరమెక్కడిది? మా ఇంటికాన్నే."

వనిత నిచ్చెన ఎక్కి అన్నిటికంటే పై అరలోని డబ్బా దించింది. మడమ కింద రెండు వేళ్ల మందాన మెత్త. బూడిదరంగు. దుకాణంలో అంతకంటే మెత్తనిది లేదు.

"ఇగ ఇది తొడిగి చూడు."

"నువ్వే తొడుక్కో బిడ్డా. నువ్వు ఉరుకు, నేను వింట."

వనిత యజమాని వైపు చూసింది. ఆయన అమ్మకం చెయ్యి అన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు. వనిత చెప్పులు విడిచి బూట్లు తొడిగింది. దుకాణంలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఉరికింది.

"ఫ్యాను బందు పెట్టు సేటు," అంది అంతమ్మ.

ఫ్యాను ఆగింది. వనిత మళ్లీ ఉరికింది. అంతమ్మ కళ్లు మూసుకుంది.

"ఇంక గట్టిగ దునుకు. కోపమొచ్చినట్టు."

వనిత దునికింది. చెమటలు పట్టాయి. సాక్సులు కొనడానికి వచ్చిన ఇద్దరు గుమ్మంలోనే ఆగిపోయారు. అంతమ్మ కళ్లు తెరవలేదు. తల ఒక పక్కకు వాలింది.

"అవ్వా? పండుకున్నవా?"

"లేదు. ఏం వినవడ్తలేదు." అంతమ్మ మెల్లగా కళ్లు తెరిచింది. అవి నీళ్లతో మెరుస్తున్నాయి. "ఏం వినవడ్తలేదు బిడ్డా! గివే. గివే కట్టు."

ధర కూడా అడగకుండా సంచిలోంచి చేతిరుమాలు మూట తీసింది. జ్ఞానేశ్వర్ తనంతట తానే వంద తగ్గించాడు. ఈ వయసులో ఇంత పట్టుదల తాను చూడలేదన్నాడు. గుమ్మంలోని ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

వనిత పాదం కొలిచే పలక తెచ్చి అంతమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"కాలు పెట్టవ్వా. నీ సైజు తీస్త."

అంతమ్మ కాలు వెనక్కి లాక్కుంది.

"నా కాలెందుకు బిడ్డా, పది నంబరు కట్టు, మా మేడ మీది జిమ్ముల తెల్లారగట్ల నాలుగింటికి సరిగ్గ నా మంచం నెత్తిన ఉరికేది మా పాస్టరయ్యనాయె, నోరిడిచి ఎట్ల చెప్త?"